ఇంజను విప్పుట వేఱు, మార్చుట వేఱు



ప్రదర్శన క్షేత్రములను చూచుటకై మేము గ్రామములలో తిరుగునపుడు ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు ప్రశ్నలు వచ్చుట సహజము. కాని యిటీవల మమ్ము నిలిపి యడుగుచున్న ప్రశ్న యొకటి పైరునకు సంబంధించినది కాదు. పాకలో మూలబడియున్న పాత టూ-స్ట్రోకు స్కూటరును చూపి, "దీని యింజనును ఇంటివద్దనే విప్పి బాగుచేసికొనవచ్చునా? ఆ చేతితోనే వేగము హెచ్చునట్లు మార్చుకొనవచ్చునా?" అని యువకులు అడుగుచున్నారు. ఈ రెండును ఒకే ప్రశ్నయని వారి భావము. కావని మా యభిప్రాయము. మొదటి దానికి అవుననియు, రెండవ దానికి చాలవరకు కాదనియు మా సమాధానము. అట్లనుటకు గల కారణములను ఇచట మనవి చేయుచున్నాము.

1972వ సంవత్సరమున వెలువడిన బజాజ్ చేతక్ స్కూటరును, 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడును, వాని జాతికి చెందిన యితర బండ్లును మన పల్లెలలో పాల క్యానులను, విత్తనపు సంచులను, బడి పిల్లలను ఏండ్ల తరబడి మోసినవి. నేడు కొత్తగా అమ్ముచున్న స్కూటర్లు నాలుగు స్ట్రోకులవో, విద్యుత్తుతో నడచునవో అయియున్నవి. చేతక్ అను పేరు సైతము 2020 నుండి విద్యుత్ స్కూటరునకు చేరినది. అయినను పాత బండ్లు పల్లెలలో ఇంకను కలవు. అంతియ గాక, మనము వీపున తగిలించుకొని మందు చల్లు పెట్రోలు స్ప్రేయర్లలోను, గడ్డి కోయు యంత్రములలోను అనేకము ఈ రెండు స్ట్రోకుల జాతివే. కావున ఈ ఇంజనును గూర్చిన జ్ఞానము రైతునకు వృథా పోదు.

మొదట ఇది పనిచేయు విధమును గ్రహింపవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగిన నొకసారి పేలుడు కలుగును. ఇందులో ప్రతి చుట్టునకును కలుగును. దీని తలపై వాల్వులు లేవు. సిలిండరు గోడకు గల పోర్టులు మన కాలువ తూముల వంటివి. పైకి క్రిందికి నడచు పిస్టనే వానికి తలుపు. పెట్రోలును గాలియు కలిసిన మిశ్రమము ముందుగా పిస్టను క్రిందనున్న క్రాంకు గదిలోనికి వచ్చి, అచట నొత్తిడి పొంది, ప్రక్క తూముల గుండ సిలిండరులోనికి ఎక్కును. ఆ గదిలో వేఱుగా నూనె నిలువ యుండదు. పెట్రోలులో మనము కలుపు 2టీ నూనెయే బేరింగులకును, పిస్టనుకును ప్రాణము. లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, అనగా నూటికి రెండు పాళ్లు, ఈ స్కూటర్లకు సాధారణముగా వాడు కొలత. నూనె మరచినవాడు ఇంజనును మరచినవాడే.

ఈ నిర్మాణములోనే ఇంటి మరమ్మతునకు అనుకూలము కలదు. కదలు భాగములు తక్కువ. నాలుగు నట్లు విప్పిన తల ఊడివచ్చును. పిమ్మట సిలిండరు చేతికి వచ్చును. నేలను కడిగి, తెల్లని గుడ్డ పరచి, విప్పిన ప్రతి భాగమును విప్పిన వరుసలోనే పేర్చుకొనుడు. ప్రతి దశయందును చరవాణితో ఫొటో తీసికొనుడు. చదువుకొన్న కుమారుడు ఫొటో తీయగా, సుత్తి పట్టిన అనుభవము గల తండ్రి విప్పుట మేలైన జోడు.

తరువాతి పని కొలుచుట. మేము చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన ఉపాధ్యాయులు కొలత తీయని పిల్లవానికి రంపమునే ఇచ్చెడివారు కారు. ఆ క్రమశిక్షణ ఇచట మిక్కిలి అవసరము. సిలిండరు లోపలి వ్యాసమును పైన, నడుమ, క్రింద, అడ్డముగను నిలువుగను కొలువవలెను. అరుగుదల సాధారణముగా పైభాగమున, రింగులు తిరుగు చోట హెచ్చుగా నుండును. చేతక్ వంటి 145 సి.సి. ఇంజనులో సిలిండరు వ్యాసము 57 మి.మీ., పిస్టను నడకయు 57 మి.మీ. అట్టి బోరులో కొత్త రింగును పెట్టి, పిస్టను తలతో సమముగా లోనికి నెట్టి, రింగు కొనల మధ్య సందును ఫీలరు గేజితో చూచిన, ఇంచుమించు 0.2 మొదలు 0.35 మి.మీ. వరకు ఉండవలెను. సందు మిక్కిలి హెచ్చైన బలము జారిపోవును. లేకున్న వేడికి రింగు పెరిగి బోరును గీయును.

బోరింగు మాత్రము ఇంటి పని కాదు. దానికి పట్టణములోని లేతు వర్కుషాపునకే పోవలెను. కాని కొత్త పిస్టనును ముందుగా కొని, దానిని వర్కుషాపు వారి చేతికిచ్చి, దాని కొలతకే బోరు చేయింపుడు. తిరిగివచ్చిన పిమ్మట పోర్టుల అంచులు కత్తివలె నున్నవేమో వ్రేలితో చూచి, మొన విరిపింపుడు. లేకున్న రింగు అచట తగులుకొని విఱుగును. పిస్టను తలపై నున్న బాణపు గుర్తు సైలెన్సరు వైపునకు ఉండవలెను. రింగు కొనలు పిస్టను గాడిలోని మేకుల యొద్ద కూర్చుండవలెను. పిస్టను పిన్నును పట్టియుంచు సర్క్లిప్పులు పాతవి మరల వాడరాదు. తల నట్లను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను.

క్రాంకు షాఫ్టు ఆయిల్ సీళ్లను చూడకుండ ఇంజనును మూయుట చెరువు గట్టు గండిని చూడకుండ తూము బాగుచేయుట వంటిది. మాగ్నెటో వైపు సీలు చెడిన బయటి గాలి చొరబడి మిశ్రమము పలుచనై ఇంజను కాలును. గేరు పెట్టె వైపు సీలు చెడిన ఆ నూనెను ఇంజను పీల్చుకొని తెల్లని పొగ క్రక్కును. అనేకులు పొగ చూచి రింగులు మార్చుచున్నారు. రోగ మొకచోట, మందు మరియొకచోట. పని ముగిసిన తరువాత తొలి 500 కిలోమీటర్లు బరువెక్కింపక, వేగము పెంచక, మెల్లగా నడుపుడు. ఇంతవరకు మరమ్మతు. ఓపిక గల రైతు దీనిని నేర్వవచ్చును, నేర్వవలెను.

ఇక మార్చుటను గూర్చి చెప్పవలసియున్నది. దీనిని మేము పరోపదేశముగా చెప్పుట లేదు. 2004వ సంవత్సరపు వేసవిలో, ఉద్యోగమున చేరిన తొలి దినములలో, మా తండ్రిగారి 150 సి.సి. స్కూటరు మా వాడుకలో నుండెను. మరమ్మతు బాగుగా కుదిరెను. అంతటితో ఊరకుండక, ఎవరో చెప్పిన మాట విని, ఆకురాయితో ఎగ్జాస్టు పోర్టును పైకి అరగదీసితిమి. సిలిండరు తలను లేతుపై పలుచన చేయించితిమి. గాలి ఫిల్టరును తీసివేసితిమి. బండి వేగముగా పోయెను. మేము గర్వించితిమి. పది దినములు గడచెను. మిట్టమధ్యాహ్నపు టెండలో దుగ్గిరాల పసుపు మార్కెట్టునకు పోవు నొక పెద్ద రైతును వెనుక నెక్కించుకొని పోవుచుండగా, పిస్టను సిలిండరును పట్టివేసెను. వెనుక చక్రము బిగిసిపోయెను. మాకు మోచేతులు మాత్రము గీసికొనినవి. ఆయన కుడి మణికట్టు విఱిగెను. ఆ యేడు ఆయన తన పసుపును తాను నిలిచి అమ్ముకొనలేదు. విత్తనపు కొమ్ములు నాటు వేళకు చేయి ఇంకను కట్టులోనే యుండెను. చూడబోయిన మాతో ఆయన కోపింపలేదు. "బండి బాగానే నడుచుచుండెను గదా బాబూ, దాని నెందుకు కెలికితివి?" అని మాత్రమనెను. మా యొద్ద నేటికిని ఆ ప్రశ్నకు జవాబు లేదు.

జరిగినదేమో తరువాత తెలిసికొంటిమి. ఎగ్జాస్టు తూమును పైకి లేపిన అది ముందుగా తెరచుకొనును. పేలుడు బలము పిస్టనును పూర్తిగా నెట్టకమునుపే బయటికి పోవును. మిక్కిలి వేగముగా తిరుగునపుడు లాభము కనబడును గాని, మెల్లని నడకలో లాగుడు తగ్గును. కాలని మిశ్రమము హెచ్చుగా వ్యర్థమగును. 45 కిలోల యూరియా బస్తాతో గట్టు బాటపై పోవు రైతునకు కావలసినది మెల్లని నడకలోని లాగుడే గాని పందెపు వేగము కాదు. తలను పలుచన చేసిన ఒత్తిడియు వేడియు హెచ్చును. ఫిల్టరు తీసిన గాలి హెచ్చి మిశ్రమము పలుచనగును. కళ్లపు దుమ్ము బోరును ఆకురాయివలె తినును. అల్యూమినియపు పిస్టను పోత యినుప సిలిండరు కంటె వేడికి హెచ్చుగా పెరుగును గాన, ఇన్ని వేడులు కూడినపుడు పట్టివేయక యేమి చేయును? పెద్ద ధ్వనికై సైలెన్సరును కోయుటయు నిట్టిదే. దాని నుండి వెనుకకు మరలు ఒత్తిడి యల తప్పించుకొనిపోవు మిశ్రమమును లోనికి నెట్టుటకు తోడ్పడును. కోసిన చప్పుడు పెరుగును, బలము తరుగును. పట్టిన మసిని గోకి శుభ్రపరచిన చాలును.

"కొత్తది చేసి చూడుడని మాకు చెప్పువారు మీరే గదా! ఇంజనులో మాత్రము చూడరాదా?" అని యువకులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని ప్రదర్శన క్షేత్రమున మేము చేయు పద్ధతిని గుర్తు చేసికొనుడు. ఒక మడిలో ఒక మార్పు మాత్రమే చేయుదుము. ప్రక్క మడిని పాత పద్ధతినే యుంచుదుము. ఫలితమును పుస్తకమున వ్రాయుదుము. విత్తనము, ఎరువు, నీరు మూడును ఒకేసారి మార్చినవానికి పంట పండినను ఎందుకు పండెనో తెలియదు, ఎండినను తెలియదు. మేము 2004లో చేసిన తప్పు ఇదియే. మరియు మార్పులు రెండు విధములు. కార్బురేటరు జెట్టును మార్చినచో పాతదానిని మరల పెట్టవచ్చును. అరగదీసిన లోహమును ఎవ్వరును మరల పెట్టజాలరు. మొదటి విధమునకు మే మడ్డు చెప్పము. రెండవ విధమును మానుడని కోరుచున్నాము.

మొదటి విధమైన మార్పు నేడు కొన్ని బండ్లకు అవసరము కూడ కావచ్చును. 2023 నుండి 20 శాతము ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకులకు వచ్చుట మొదలై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. ఇథనాల్‌లో ప్రాణవాయు వుండుటచే పాత జెట్టుతో మిశ్రమము పలుచనగును. అనగా వేడి హెచ్చును. పాత రబ్బరు గొట్టములు, వాషర్లు మెత్తబడవచ్చును. అది గాలిలోని తేమను పీల్చును గాన, నెలల తరబడి టాంకులో నిలువ యుంచిన పెట్రోలును వాడరాదు. స్ప్రేయర్ల విషయమున ఇది మరింత ముఖ్యము. ప్లగ్గును విప్పి చూడుడు. దాని కొన ఇటుక రంగున నున్న మేలు. తెల్లగా పాలిపోయిన మిశ్రమము పలుచన. నల్లగా తడిగా నున్న చిక్కన. తెల్లగా నున్నచో ముందు గాలి ఎచటనైన చొరబడుచున్నదేమో చూచి, లేనిచో జెట్టును ఒక్క మెట్టు పెంచి, మరల ప్లగ్గును చూచి, పుస్తకమున వ్రాసికొనుడు. నడుపునపుడు ఎడమచేతి వ్రేళ్లు క్లచ్చిపై నుంచుకొనుడు. ఇంజను బిగియుచున్నట్లు తోచిన తక్షణము నొక్కుడు. ఆ యలవాటు మాకప్పుడున్నచో ఆయన మణికట్టు నిలిచియుండెడిది.

చట్టమును గూర్చి ఒక్క మాట. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని యజమాని తన యిచ్ఛ వచ్చినట్లు మార్చరాదు. అరిగిన పిస్టను స్థానమున తగిన పిస్టనును పెట్టుట మరమ్మతు. దాని కడ్డు లేదు. ఇంజను స్వభావమునే మార్చుట వేఱు మాట. ప్రమాదము కలిగినపుడు భీమా సొమ్మునకును చిక్కు రావచ్చును.

కడపట మన సంఘమునకు నొక మనవి. ఒక్కొక్క రైతు ఫీలరు గేజిని, బోరు గేజిని, ఫ్లైవీలు పుల్లరును, టార్కు స్పానరును కొనజాలడు. కొన్నను ఏడాది కొకమారు వాడును. ఎరువును, విత్తనమును కలిసి తెచ్చుకొను మనము ఒక పనిముట్ల పెట్టెను కలిసి కొనలేమా? అది సంఘ కార్యాలయమున నుండవలెను. పుస్తకమున సంతకము చేసి తీసికొని, గడువునకు తిరిగి ఇయ్యవలెను. పనిముట్లతోపాటు బండికొక పుట ఉండు పుస్తకమును పెట్టెలో నుంచి, ఎవరు విప్పినను తాము చూచిన కొలతలను, చేసిన పనిని వ్రాసినచో, కొన్ని ఏండ్లకు అది గ్రామమున కంతకును బడి యగును. నెలకొక దినము కూర్చుండి విప్పుట నేర్పుటకు మేము సిద్ధముగా నున్నాము. అరగదీయుటకు మాత్రము ఆ పెట్టెలో ఆకురాయి యుండదు. వచ్చు సర్వసభ్య సమావేశమున పాలకవర్గము వారు ఈ విషయమును చర్చకు తెత్తురని నమ్ముచున్నాము.