మేక వెనక చోటు ఖాళీగా ఉంటే

గోదావరిఖనిలో కార్మిక కుటుంబాల స్త్రీలను కలిసినప్పుడు మనం సమస్యలే అడుగుతాం. 'మీరేం ఆడతారు?' అని అడగం. నేనూ అడగలేదు. ఒక క్వార్టర్ అరుగు మీద ఓ పెద్దమ్మ సుద్దతో గీతలు గీసి, మూడు బొగ్గు పెళ్లల్ని పులులుగా, పదిహేను చింతగింజల్ని మేకలుగా చేసి నన్ను ఓడించింది. "గంత సదివినవు గని బిడ్డా, నీ మేక ఎన్క ఎవ్వలున్నరో సూసుకోలే" అంది.

పులి-మేక ఆటలో గీతలు కలిసే చోట్లు 23. పులి మేక మీదుగా దూకి చంపాలంటే అవతలి చోటు ఖాళీగా ఉండాలి. మేక ఎవర్నీ చంపలేదు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా కట్టేస్తేనే గెలుపు. పోయిన మేక తిరిగి రాదు. 1990లో జపాన్‌లో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ అనే వీడియో గేమ్‌లోనూ చనిపోయిన సైనికుడు మామూలుగా తిరిగి రాడు. దాన్ని వ్యూహమంటారు, దీన్ని మాత్రం పనిలేనివాళ్ల కాలక్షేపమంటారు.

ఆ కాలక్షేపం కూడా ఊళ్లలో ఎక్కువగా రచ్చబండ మీది మగవాళ్లదే. ఆడవాళ్లకు ఇంటిపట్టున వామనగుంటలు, అష్టాచెమ్మా. గనిలో షిఫ్టు ఎనిమిది గంటలకు ముగుస్తుంది. ఆ షిఫ్టు మారినప్పుడల్లా వంటవేళ మార్చుకునే భార్యకు మాత్రం షిఫ్టు ముగియదు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 88 నిమిషాలే. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు 1979లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 1993లో ఆమోదించింది. దాని 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో పాల్గొనడాన్ని హక్కుగా చెప్పింది. మన కరపత్రాల్లో ఆ హక్కు ఎక్కడుంది?

హింస, ఆస్తి, వేతనం ఉండగా ఆటలేమిటని అడగవచ్చు. కానీ ఆ పెద్దమ్మ మాట హింస గురించే. ఫిర్యాదు చేసిన స్త్రీని ధైర్యవంతురాలని పొగిడి ఒంటరిగా పంపుతాం. ఆమె వెనక చోటు ఖాళీ. 1992లో నెల్లూరు స్త్రీలు సారా వేలంపాటల్ని గుంపుగా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఆ పులిని కట్టేసింది ఒక వీరనారి కాదు.

వచ్చే సమావేశంలో ఉపన్యాసం ఒకటి తగ్గించి, నేలమీద గీతలు గీద్దాం. ఆ గంటసేపు పొయ్యి దగ్గర మగవాళ్లుండాలి. అది మన మొదటి ఎత్తు.