తొట్టి సామానుకు, క్యాబిన్ మనుషులకు
పికప్ బండి కొనేముందు వేసుకోవలసిన లెక్క

ఉప్పల్: తెల్లవారుజామున ఉప్పల్ చౌరస్తాలో కాసేపు నిలబడితే జిల్లా బతుకంతా చక్రాల మీద కనిపిస్తుంది. ఘట్‌కేసర్, బీబీనగర్‌ల వైపు నుంచి వరంగల్ రోడ్డు మీదుగా కూరగాయల బండ్లు నగరంలోకి వస్తుంటాయి. మూసీ ఒడ్డున కోసిన పచ్చగడ్డి మోపులు పశువుల పాకలకు పోతుంటాయి. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి కార్ఖానాల సామాను ఎదురు వస్తుంటుంది. వీటిలో చాలావరకు పెద్ద లారీలు కావు. ముందు చిన్న క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి ఉన్న చిన్న రవాణా బండ్లు. కొన్నింటిలో సామాను మీద మనుషులు కూడా కూర్చుని ఉంటారు.

బండి కొనబోయే రైతు గాని, కిరాయికి తిప్పుకుందామనుకునే యువకుడు గాని షోరూములో మొదట అడిగేది 'ఎన్ని టన్నులు మోస్తుంది?' అని. తర్వాత 'నెలకు కిస్తీ ఎంత?' అని. 'ముందు ఎంతమంది కూర్చోవచ్చు?' అని అడిగేవారు తక్కువ. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకే తర్వాత ఆసుపత్రికీ కోర్టుకూ తిరగవలసి వస్తున్నది.

డీసీఎం నుంచి చోటా హాథీ దాకా

మన ప్రాంతంలో చిన్న లారీని ఏ కంపెనీ తయారుచేసినా 'డీసీఎం' అనే అంటాం. 1980లలో డీసీఎం టయోటా పేరుతో వచ్చిన బండ్ల నుంచి మిగిలిన మాట అది. అదే కాలంలో మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారుచేసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. 2015లో 'జీతో' అనే చిన్న బండి అక్కడి నుంచే వచ్చింది. ఒకే బండిని వేర్వేరు తొట్టి పొడవులతో, వేర్వేరు బరువులకు తగ్గట్టు అమ్మడం దాని ప్రత్యేకత. పనిని బట్టి తొట్టిని ఎంచుకోవాలన్న సంగతిని తయారీదారులే ఒప్పుకున్నారన్నమాట.

అసలు మార్పు 2005లో టాటా ఏస్‌తో వచ్చింది. ముప్పావు టన్ను మోసే ఆ బండిని జనం 'చోటా హాథీ' అన్నారు. మూడు చక్రాల ట్రాలీ ఆటోకూ డీసీఎంకూ మధ్య ఉన్న ఖాళీని అది నింపింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. బొలెరో పికప్, టాటా యోధా వంటివి అంతకంటె పెద్ద బరువులకు వాడుకలోకి వచ్చాయి. నగరంలో పగటిపూట పెద్ద లారీలకు ఆంక్షలు ఉండడం, గల్లీల్లో తిరిగే వీలు ఉండడం వీటికి కలిసివచ్చాయి.

టమాట పెట్టెలు చెప్పే లెక్క

తొట్టి ఎంత పొడవు ఉంటే అంత లాభమని చాలామంది అనుకుంటారు. ఇది అన్ని సరుకులకూ నిజం కాదు. కూరగాయల ప్లాస్టిక్ పెట్టె సుమారు రెండడుగుల పొడవు, అడుగుమీద నాలుగంగుళాల వెడల్పు ఉంటుంది. టమాటతో నింపితే పెట్టెతో కలిపి 25 కిలోలు అనుకుందాం.

ఏస్ తరహా బండి తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగులకు కొంచెం తక్కువ వెడల్పు. ఒక వరుసకు పది పెట్టెలు పడతాయి. ముప్పావు టన్ను అంటే 30 పెట్టెలు. అంటే మూడు వరుసలు పేర్చగానే బండి శక్తి అయిపోయింది. ఎనిమిదడుగులు దాటిన పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న పికప్‌లో వరుసకు 16 పెట్టెలు పడతాయి. 1.3 టన్నులకు 52 పెట్టెలు. ఇక్కడా మూడు వరుసల మీద నాలుగు పెట్టెలతో సరి. పది అడుగుల తొట్టిలో వరుసకు 20 పడతాయి. 1.7 టన్నుల బండి అయితే 68 పెట్టెలు, మూడున్నర వరుసలకు లోపే.

దీన్నిబట్టి తేలేది ఏమిటి? టమాట, ఉల్లి, ఆలుగడ్డ వంటి బరువు సరుకులకు చోటు ఎప్పుడూ మిగులుతుంది, బరువే ముందు అయిపోతుంది. మిగిలిన ఆ ఖాళీయే మనిషిని ఆశపెడుతుంది. 'ఇంకో రెండు వరుసలు వేద్దాం' అనిపిస్తుంది. బండి లాగుతుంది కూడా. కాని బ్రేకు వేసినప్పుడు ఆగవలసిన చోట ఆగదు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపాలన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పచ్చగడ్డి, వరిగడ్డి, ఖాళీ అట్టపెట్టెలు, దూది పరుపుల లెక్క దీనికి తిరగబడుతుంది. అక్కడ చోటు ముందు అయిపోతుంది, బరువు మిగిలిపోతుంది. అటువంటి పని ఉన్నవారికే పొడవు తొట్టి వల్ల నిజమైన ప్రయోజనం.

పశువులను తీసుకుపోయేవారికి మరో కొలత ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఆవు గాని, గేదె గాని ఒక్కొక్కదానికి రెండు చదరపు మీటర్ల గది, గొర్రెకూ మేకకూ 0.3 చదరపు మీటరు ఉండాలి. ఏస్ తరహా తొట్టిలో ఈ లెక్కన ఒక్క గేదెకే చోటు. ఎనిమిదడుగులు దాటిన తొట్టిలో రెండు. పది అడుగుల తొట్టిలో కూడా రెండే. గేదెల కోసమే అయితే పది అడుగులకు అదనపు డబ్బు పెట్టడం దండగ. గొర్రెలకైతే పది, పద్నాలుగు, పదిహేడు చొప్పున తేడా కనిపిస్తుంది.

క్యాబిన్ పెరిగితే తొట్టి తగ్గుతుంది

మామూలు పికప్ క్యాబిన్‌లో డ్రైవరు పక్కన ఒకరో ఇద్దరో కూర్చుంటారు. రెండు వరుసల సీట్లున్న డబుల్ క్యాబిన్ బండ్లలో డ్రైవరుతో కలిసి ఐదుగురు కూర్చోవచ్చు. బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్ ఇటువంటివి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు పికప్‌లలోనూ ఈ రకం ఉంది.

అయితే వెనక సీటుకు కావలసిన చోటు తొట్టి నుంచే వస్తుంది. ఎనిమిదడుగులు దాటవలసిన తొట్టి ఐదడుగుల అటూ ఇటూగా మిగులుతుంది. మన టమాట లెక్కనే వేస్తే వరుసకు ఎనిమిది పెట్టెలే పడతాయి. టన్ను బరువు ఎక్కించాలంటే ఐదు వరుసలు పేర్చాలి. అంత ఎత్తు మలుపుల్లో మంచిది కాదు. అంటే కూరగాయల పనికి డబుల్ క్యాబిన్ చాలదు. కాని యూరియా, సిమెంటు, మోటార్లు, వెల్డింగు సామాను వంటి బరువైన చిన్న వస్తువులకు చక్కగా సరిపోతుంది. 45 కిలోల యూరియా బస్తాలు 22 వేసినా టన్నుకు లోపే. మనుషులతో పాటు పనిముట్లు తీసుకుపోయే బోరు మెకానిక్కులకు, కరెంటు పనివారికి, చిన్న కాంట్రాక్టర్లకు తగిన బండి అదే.

ప్రాణానికి వచ్చే ప్రమాదం

2022 మే 8న కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి ప్రాంతంలో హసన్‌పల్లి గేటు దగ్గర టాటా ఏస్, లారీ ఢీకొన్నాయి. తొమ్మిది మంది చనిపోయారు. వారంతా సరుకు బండిలో ప్రయాణిస్తున్న మనుషులు. ఇటువంటి వార్త మన పల్లెలకు కొత్తది కాదు. పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి ఆడకూలీలు, పెళ్లికి చుట్టాలు, జాతరకు పిల్లలు తొట్టిలోనే ఎక్కుతున్నారు. తొట్టిలో సీటు లేదు, పట్టుకోవడానికి సరైన ఆధారం లేదు, పైన కప్పు లేదు. బండి తిరగబడితే మొదట రోడ్డు మీద పడేది వాళ్లే.

ప్రాణం పోయిన తర్వాత రెండో దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తేల్చింది. 1994 సవరణ ప్రకారం సరుకు యజమానికీ, ఆయన పంపిన మనిషికీ రక్షణ ఉంది. కాని ఆ యజమాని క్యాబిన్‌లో కూర్చుని ఉండాలని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసుల్లో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ మాటను రైతులు ప్రత్యేకంగా గమనించాలి. మన టమాట మన బండి కాని కిరాయి బండిలో మార్కెట్‌కు పోతున్నది. పెట్టెలు పడిపోకుండా చూసుకుందామని మనం వెనక తొట్టిలో వాటిమీద కూర్చున్నాం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వాదన ఇక్కడే మొదలవుతుంది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీ చెల్లించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశించాయి. అప్పుడు ఆ భారం పడేది కిస్తీలు కడుతున్న యజమాని నెత్తిన. బండితో పాటు ఇంత భూమి ఉంటే దాని మీదికీ రావచ్చు.

తొట్టి సామానుకు, క్యాబిన్ మనుషులకు అని చట్టం గీత గీసింది. ఆ గీత బండి కొన్న తర్వాత కాదు, కొనకముందే గుర్తుకు రావాలి.

ఆర్సీలో మూడు అంకెలు

బండి బేరమాడేటప్పుడు మూడు అంకెలు చూడాలి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండు సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు. మూడు సీట్ల సంఖ్య. రెండోదాంట్లోంచి మొదటిది తీసివేస్తే మిగిలేదే మీరు ఎక్కించగల బరువు. డ్రైవరు, పక్కన కూర్చున్నవారు, తర్వాత కట్టించుకున్న ఇనుప చట్రం, టార్పాలిన్ కూడా అందులోకే వస్తాయి. వంద కిలోల చట్రం కట్టిస్తే నాలుగు టమాట పెట్టెలు తగ్గినట్టే.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. మించితే కావాలి. ఒకే పేరుతో అమ్మే పికప్‌లలో కొన్ని ఈ గీతకు ఇవతల, కొన్ని అవతల ఉంటాయి. కనుక పేరు చూసి కాక అంకె చూసి నిర్ణయించాలి.

అధిక బరువుకు 2019 సవరణ తర్వాత చట్టంలో 20 వేల రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున రాసి ఉంది. సామాను తొట్టి దాటి పక్కలకో వెనక్కో పొడుచుకువచ్చినా 20 వేలే. ఇరవై అడుగుల పైపులను ఎనిమిదడుగుల తొట్టిలో వేసి, చివరన ఎర్రగుడ్డ కట్టి పోయేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఇటువంటి పని రోజూ లేనప్పుడు ఆ ఒక్కరోజుకు పెద్ద బండి కిరాయికి మాట్లాడుకోవడమే చవక.

లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలలోపు రవాణా బండిని విడిగా అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది.

ఎవరికి ఏ బండి?

నాచారం గల్లీల్లో కిరాణా దుకాణాలకు సరుకు వేసేవారికి, రోజుకు ముప్పై పెట్టెలలోపు కూరగాయలు పండించే రైతుకు ఏస్ తరహా బండి చాలు. పొడవు బండి అక్కడ మలుపు తిరగడమే కష్టం. నలుగురైదుగురు రైతులు కలిసి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపుకునేటట్టయితే ఎనిమిదడుగుల పికప్ మేలు. 2021-22లో గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిన తర్వాత అటు దూరం పోయేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. గడ్డి, అట్టపెట్టెల వ్యాపారానికి తొమ్మిది, పది అడుగుల తొట్టి. పనిముట్లతో నలుగురు మనుషులు పోవలసిన పనికి డబుల్ క్యాబిన్.

మరి పన్నెండు మంది కూలీలను రోజూ చేను దగ్గరికి చేర్చాలంటే? దానికి ఏ పికప్పూ సరిపోదు. డబుల్ క్యాబిన్ కూడా సరిపోదు. ప్రయాణికుల ఆటోలో, జీపులో వాటి సీట్ల మేరకే రెండు విడతలుగా తీసుకుపోవాలి. కూలీ ఖర్చులో ఈ కిరాయిని కూడా కలిపి లెక్క వేసుకోవాలి. నలుగురు రైతులు ఒకే దిక్కుకు పోయేటప్పుడు ఆ కిరాయి పంచుకోవచ్చు. తమ దగ్గర పనిచేసే డ్రైవరుకు, హమాలీలకు పాలసీలో రక్షణ ఎంతమందికి ఉన్నదో యజమానులు చదివించుకుని తెలుసుకోవాలి.

సరుకు ఎక్కించేటప్పుడు బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించి, వెనక ఇరుసుకు ముందుగా వేయాలి. అన్నీ వెనక చివరన పడితే ముందు చక్రాలకు పట్టు తగ్గి స్టీరింగు మాట వినదు. ఈ జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు.

బండి కొనడానికి పోయేముందు ఒక కాగితం మీద రెండు వరుసలు రాసుకోండి. రోజూ పోయే సరుకు ఎంత? రోజూ పోయే మనుషులెందరు? మొదటి అంకె తొట్టిని నిర్ణయిస్తుంది. రెండో అంకె క్యాబిన్‌ను నిర్ణయిస్తుంది. రెండో అంకె క్యాబిన్‌లో పట్టకపోతే ఆ మిగిలినవారిని తొట్టిలోకి ఎక్కించవద్దు. వారికి వేరే బండి చూడండి.