పసిపిల్లలకు పొడవుల కొలత నేర్పు విధము

గణితశాస్త్రమునకు రెండు వాకిళ్లు గలవు. ఒకటి లెక్కించుట, రెండవది కొలుచుట. మన పాఠశాలలలో మొదటి వాకిలి బార్లా తెరచియున్నది గాని రెండవది ఓరవాకిలిగానే యున్నది. మూడవ తరగతి బాలుని పిలిచి మీటరునకు ఎన్ని సెంటీమీటర్లని యడిగినచో నూరని తడవుకొనకుండ చెప్పును. నీ ముందున్న బల్ల మీటరుకంటె పొడవా, పొట్టియా యని యడిగినచో మన మొగము వంక చూచును. మొదటి యుత్తరము నాలుక చివర నున్నది. రెండవది యెచ్చటను లేదు. ఈ లోపము బాలునిది కాదనియు, మన బోధనాక్రమములోనిదే యనియు నా నమ్మకము. ఈ విషయమై తల్లిదండ్రులతోను, తోడి యుపాధ్యాయులతోను నాలుగు మాటలు మనవి చేయుదును.

నా యభిప్రాయమును ముందుగానే స్పష్టముగా తెలిపెదను. అంకెలును గీతలును గల కొలబద్దను పసిబాలుని చేతికి మొదటనే యీయరాదు. ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట, దారముతో పోల్చుట, చేతితో కొలుచుట, ఒకరి కొలతకును వేరొకరి కొలతకును గల భేదమును తామే కనుగొనుట అను నాలుగు మెట్లెక్కిన పిదప, అయిదవ మెట్టుపై కొలబద్ద నుంచవలెను.

పాఠశాలకు రాకమునుపే బాలుడు పొడుగు, పొట్టి యను మాటల నెరుగును. అన్న చేతిలోని చెరకుముక్క తన ముక్కకంటె పొడుగని తోచినచో ఇల్లెగురగొట్టును. ఈ తెలివియే మన పెట్టుబడి. మొదటి తరగతిలో చీపురుపుల్లలు, రిబ్బనుముక్కలు, కొబ్బరియాకులు పంచిపెట్టి, ఏది పొడుగో చూచి చెప్పుడనిన చాలును. అయితే ఇచట ఒక చిక్కు గలదు. స్విట్జర్లాండు దేశీయుడగు పియాజె యను మనస్తత్వశాస్త్రజ్ఞుడు, బాలుర క్షేత్రగణిత జ్ఞానమును గూర్చి తోటి పరిశోధకురాండ్రతో గూడి 1948లో ప్రకటించిన గ్రంథమున దీనిని విపులముగా చర్చించెను. సమానమైన రెండు కఱ్ఱలను కొసలు కలిపి యుంచినప్పుడు నాలుగైదేండ్ల బాలుడు రెండును సమానమే యనును. అతడు చూచుచుండగనే ఒకదానిని కొంచెము ముందునకు జరిపినచో, ఇప్పుడిది పొడుగైనదని చెప్పును. కఱ్ఱ పెరుగలేదే యని మనకు నవ్వు వచ్చును. కాని బాలుడు ముందునకు వచ్చిన కొసను మాత్రమే చూచుచున్నాడు, వెనుకకు పోయిన కొసను చూచుట లేదు. ఇది మందబుద్ధి కాదు, వయోధర్మము. అట్టి బాలుని గద్దించి ప్రయోజనము లేదు. కఱ్ఱలను మరల మరల జరిపించి, మరల కలిపించి, రెండు కొసలను చూచు నలవాటు చేయింపవలెను. ఒక కొస సరిగా కలిపినగాని రెండవ కొస నిజము చెప్పదను సూత్రము మాటలతో గాక చేతితో తెలియవలెను. పిమ్మట కొలబద్దపై సున్న యెందుకున్నదో ఆ బాలునికి వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ మెట్టు దారము. తలుపును కిటికీయొద్దకు మోసికొని పోజాలము. అప్పుడు పురికొసతో తలుపు వెడల్పు పట్టి, దానిని కిటికీయొద్దకు తీసికొని పోయి చూడవలెను. చూచుటకిది మిక్కిలి చిన్నపని. కాని ఇందొక గొప్ప తర్కము దాగియున్నది. తలుపునకు దారము సమానము, దారముకంటె కిటికీ చిన్నది, కావున తలుపుకంటె కిటికీ చిన్నది. కన్ను ఒకసారి యైనను రెండింటిని ప్రక్కప్రక్కన చూడలేదు, అయినను మనసు నిశ్చయించినది. పై తరగతులలో రేఖాగణితము నేర్చు విద్యార్థి చేయు అనుమానమంతయు ఈ పురికొసలో బీజరూపమున నున్నది. చెట్టు మొదలు చుట్టుకొలత, కుండ మూతి చుట్టుకొలత మొదలైనవి కూడ దారముతోనే తెలిసికొనవచ్చును. ఆ దారమును చాపి చూచినప్పుడు, వంకరదారికి సైతము పొడవున్నదని పిల్లలు గ్రహింతురు.

మూడవ మెట్టున మన తెనుగుభాషయే మనకు సహాయము చేయును. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అను మాటలు ప్రతి యింటను వినబడుచున్నవి. జానెడు పొట్ట కొఱకు పాటుపడుచున్నామందుము. ఆలస్యముగా లేచినవానిని బారెడు పొద్దెక్కినదని మందలింతుము. నాలుగు వ్రేళ్ల వెడల్పు బెత్తెడు, చాచిన బొటనవ్రేలి కొననుండి చిటికెనవ్రేలి కొనవఱకు జానెడు, మోచేతినుండి నడిమివ్రేలి కొనవఱకు మూరెడు, చాచిన రెండు చేతుల నిడివి బారెడు. రెండు జానలొక మూర, నాలుగు మూరలొక బార యని పెద్దల లెక్క. కౌటిల్యుని యర్థశాస్త్రమునందును పండ్రెండంగుళములు ఒక జాన యనియు, రెండు జానలు ఒక మూర యనియు చెప్పబడియున్నది. ఈ లెక్కను కంఠస్థము చేయింపక, నీ బార నీ నాలుగు మూరలకు సరిపోవునో లేదో నీవే చూడుమని చెప్పవలెను. ఒకరి బార ఇంచుమించుగా వారి యెత్తునకు సమానమను సంగతి కూడ తెలిసినప్పుడు పిల్లల సంతోషము చూడదగినది. తమ శరీరమునే దేవుడొక కొలబద్దగా నమర్చెనని వారికి తోచును.

చేతితో కొలుచునప్పుడు రెండు నియమములను కఠినముగా పాటింపజేయవలెను. జానకును జానకును నడుమ సందుండరాదు, ఒకదానిపై నొకటి పడరాదు. చిన్నపిల్లలు తప్పుచేయునది ఇచటనే. వారికి జానలు లెక్కించుట ముఖ్యముగా తోచును గాని స్థలమును నింపుట తోచదు. అందుచేత ఒకే పరిమాణము గల అగ్గిపుల్లలనో, చింతగింజలనో బల్ల యంచున బారు తీర్పించుట మంచిది. వదలిన సందు కంటికి కనబడును. మఱియొక సంగతి కూడ గలదు. అదే బల్లను జానలతో కొలిచిన నెక్కువ సంఖ్యయు, మూరలతో కొలిచిన తక్కువ సంఖ్యయు వచ్చును. కొలత చిన్నదైన కొలది సంఖ్య పెద్దదగుట పసివారికి విపరీతముగా తోచును. ఈ సంగతి చేతికి రాకమునుపే మీటర్లను సెంటీమీటర్లుగా మార్చు లెక్కలిచ్చినచో, నూరుతో గుణింపవలెనో భాగింపవలెనో తెలియక బాలుడు గ్రుడ్డిగా ఏదో యొకటి చేయును.

ఇక నాలుగవ మెట్టు. ఒకే బల్లను ఉపాధ్యాయుడును విద్యార్థియు జానలతో కొలువవలెను. ఉపాధ్యాయునికి ఏడు వచ్చిన, విద్యార్థికి పది రావచ్చును. ఎవరిది తప్పు? ఎవరిదియు తప్పు కాదు. అయినను కొలత తెలియలేదు. ఈ యాశ్చర్యమును పిల్లలకు తప్పక కలుగనీయవలెను. పూలంగడియొద్ద నిత్యము జరుగునది ఇదే. ఇంటి యిల్లాలు, "అమ్మీ, నీ చేయి పొట్టిది, నా మూరతో కొలిచి ఇమ్మ"నును. పూలమ్మి ఒప్పుకొనదు. ఆ వాదము వినిన పిల్లలకు ప్రమాణముయొక్క యావశ్యకత ప్రత్యేకముగా బోధింపనేల? సండేస్కూలు పాఠములలోను పిల్లలు మూరలను వినుచునేయున్నారు. నోవహు ఓడ నిడివి మూడువందల మూరలు, వెడల్పు ఏబది, ఎత్తు ముప్పది. ఎవరి మూర యని యొక బాలుడడిగినచో విసుగుకొనక మెచ్చుకొనవలెను. యెహెజ్కేలు గ్రంథము నలువదవ అధ్యాయమున దేవాలయమును కొలిచిన కఱ్ఱను గూర్చి చెప్పుచు, ఆ మూర సాధారణమైన మూరకంటె బెత్తెడు ఎక్కువయని ప్రవక్త స్పష్టపఱచెను. కొలతను చెప్పువాడు కొలబద్దను గూడ చెప్పవలెనని ఆ కాలమునాడే యెరిగియుండిరి.

ఈ కలతను తీర్చుటకే మీటరు పుట్టినది. ఎవరి చేతికిని చెందని కొలత కావలెనని ఫ్రాన్సుదేశపు పండితులు భూమినే ప్రమాణముగా గైకొనిరి. డెలాంబరు, మెషాను అను నిరువురు 1792 మొదలు 1798 వఱకు డంకర్కునుండి బార్సిలోనా వఱకు భూమిని కొలిచిరి. ఉత్తరధ్రువమునుండి భూమధ్యరేఖకు గల దూరములో కోటియవ వంతు మీటరనబడెను. 1983 నుండి వెలుతురు శూన్యమున ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలమున పోవు దూరమే మీటరుగా నిర్ణయింపబడియున్నది. మన దేశమున 1956లో చట్టము చేయబడి, 1958 అక్టోబరు మొదలు మీటరు పద్ధతి క్రమముగా ఆచరణలోనికి వచ్చినది. అయినను మన పిల్లలు అనేక కొలతల నడుమ పెరుగుచున్నారు. గుడ్డను మీటర్లతోను, మనిషి యెత్తును అడుగులు అంగుళములతోను, ఇంటిస్థలమును గజములతోను, పొలమును ఎకరములు సెంట్లతోను చెప్పుచున్నాము. క్రికెట్టాటలో రెండు వికెట్ల నడుమ దూరము 22 గజములు, అనగా భూమి కొలుచు పాతకాలపు గంటరు గొలుసొకటి. ఇట్టి సంగతులను చెప్పినచో ఆటస్థలము కూడ పాఠమగును.

ఇప్పుడు కొలబద్దను చేతికీయవచ్చును. ఇచ్చిన తరువాత మూడు పొరపాట్లను కనిపెట్టి యుండవలెను. కొందఱు సున్ననుండి గాక ఒకటినుండి మొదలిడుదురు. కొందఱు కొలబద్ద యంచును సున్నగా భావింతురు. కొందఱు నడుమనున్న ఖాళీలను గాక గీతలను లెక్కింతురు. బాలునికి నిజముగా తెలిసినదో లేదో పరీక్షించుటకు విరిగిన కొలబద్దకంటె మంచి సాధనము లేదు. సున్న లేని ముక్కనిచ్చి, మూడవ గీతనుండి ఎనిమిదవ గీతవఱకున్న పెన్సిలు పొడవెంత యని యడుగుడు. ఎనిమిదనువాడు చివరి యంకెను చదివెను. ఆఱనువాడు గీతలను లెక్కించెను. అయిదనువాడే కొలిచెను. కొలుచుటకు ముందు ప్రతిసారియు కంటితో చూచి అందాజు చెప్పించుటయు మఱువరాదు. అందాజు లేని కొలత దీపము లేని నడక వంటిది.

దీనికి కొందఱాక్షేపణ చెప్పుదురు. సంవత్సరములో పాఠములనేకము, దినములు కొన్ని. దారములతోను గింజలతోను ప్రొద్దు పుచ్చినచో పాఠ్యభాగము ముగియునా యని యుపాధ్యాయులందురు. మా పిల్లవాడు బడికి పోయి ఆడుకొని వచ్చుచున్నాడని తల్లిదండ్రులందురు. ఈ యాక్షేపణలను తేలికగా త్రోసివేయరాదు. నలువదిమంది పిల్లలు గల తరగతిలో ఒక్క యుపాధ్యాయుడు ఇన్ని పనులు చేయించుట కష్టమే. కాని ఇందుకు కావలసినది పదిపండ్రెండు దినములకు మించదు. ఈ దినములు మొదట మిగిల్చినచో, పై తరగతులలో చుట్టుకొలత, వైశాల్యము నేర్పునప్పుడు ఇంతకు పదిరెట్లు కాలము వెచ్చింపవలసివచ్చును. వైశాల్యసూత్రము నోటికి వచ్చియు, అది యేమి కొలుచుచున్నదో తెలియని పెద్దపిల్లలను మనమందఱమును చూచుచునే యున్నాము. నేటి పాఠ్యపుస్తకములలో జానయు మూరయు చిత్రములతో నున్నవి. అయితే చిత్రములోని చేతిని చూచుట వేఱు, తన చేతిని బల్లపై నుంచుట వేఱు. ఇందుకు ఖర్చును లేదు. దారము, గింజలు, ప్రతి తరగతికొక మీటరు పొడవు గల చెక్కబద్ద యున్న చాలును.

ఒక హెచ్చరిక కూడ చేయుదును. పిల్లల యెత్తులను గోడపై గుర్తించుట చాల తరగతులలో నలవాటు. పొట్టివాని పేరు పెట్టి పిలిచి అందఱియెదుట నవ్వులపాలు చేయుట కొలతల పాఠము కాదు. ఒకని యెత్తును వేరొకనితో గాక, క్రిందటి జూన్ నెలలోని తన యెత్తుతోనే పోల్చవలెను. అట్లు చేసిన ప్రతి బిడ్డయు పెరిగినవాడే యగును.

తల్లిదండ్రులారా, ఇందు మీ పాలు స్వల్పము కాదు. దర్జీయొద్దకు పోవునప్పుడు బిడ్డను వెంట గొనిపొండు. టేపును ఎచట మొదలిడుచున్నాడో చూడనిండు. వడ్రంగి రెండుసార్లు కొలిచి ఒకసారి కోయుట చూపుడు. పందిరికి గుంజలు పాతునప్పుడు తాడు రెండవ కొస వాని చేతికిండు. అక్షరజ్ఞానము లేని తల్లి సైతము ఈ విద్యలో గురువు కాగలదు.

కొలత కేవలము గణితము కాదు, అది సత్యమునకు సంబంధించినది. పొడవు కొలుచుటలో అన్యాయము చేయరాదని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. 1802లో లాంబ్టను దొర మద్రాసు చేరువ పరంగికొండయొద్ద నూరడుగుల ఉక్కుగొలుసుతో ఏడున్నర మైళ్ల గీతను కొలుచుటకు 57 దినములు పట్టెను. ఎండకు గొలుసు సాగునని ఉష్ణమానములుంచి, లెక్క సవరించుచు కొలిచెను. ఆ యొక్క గీతపై ఆధారపడియే పిమ్మట దేశమంతటి కొలత సాగినది. మొదటి గీత వంకరయైనచో తరువాతివన్నియు వంకరయగునని ఆయన యెరుగును. పసితరగతి యుపాధ్యాయుని చేతిలోనున్నదియు అట్టి మొదటి గీతయే. తొందరపడక, కొసలు కలిపి, సందు వదలక దానిని గీయుదుము గాక.