మలుపుల రూపకల్పనతోనే గ్రామీణ రహదారుల భద్రత
మొయినాబాద్, చేవెళ్ల మార్గం విస్తరణలో పరిగణించవలసిన అంశాలు

రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్, చేవెళ్ల మండలాల మీదుగా సాగే హైదరాబాద్-బీజాపూర్ రహదారి 163వ నంబరు జాతీయ రహదారిలో భాగం. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ ప్రాంతాల ప్రజలు రాజధాని నగరానికి చేరుకొనే ప్రధాన మార్గమిది. చేవెళ్ల పరిసర గ్రామాల రైతులు కూరగాయలు, పూలు నగర మార్కెట్లకు తరలించేది ఈ దారిలోనే. తాండూరు వైపు నుంచి నాపరాళ్లు, సిమెంటు లారీలు, ఆర్టీసీ బస్సులు, కళాశాలల బస్సులు, చిలుకూరు బాలాజీ ఆలయానికి వెళ్లే భక్తుల వాహనాలు, ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాలు అన్నీ ఈ రహదారినే ఆశ్రయిస్తున్నవి.

2025 నవంబరు 3వ తేదీ ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ సమీపంలో, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ ఢీకొన్న దుర్ఘటనలో 19 మంది మరణించారు. టిప్పర్‌లోని కంకర బస్సులోని ప్రయాణికులపై పడటంతో ప్రాణనష్టం పెరిగింది. అంతకు ముందు 2024 డిసెంబరులో ఆలూరు వద్ద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకొనేవారిపైకి లారీ దూసుకువెళ్లి ప్రాణాలు బలిగొన్నది. ప్రతి ప్రమాదానికీ వేగం, డ్రైవరు అలసట, వాహనం బరువు, రోడ్డు స్థితి వంటి పలు కారణాలు ఉంటాయి. వాటిలో సామాన్యుల దృష్టికి అంతగా రాని అంశం మలుపుల రూపకల్పన.

వాహనం మలుపు తిరిగేటప్పుడు దానిని బయటి వైపునకు నెట్టే బలం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఒకే మలుపులో గంటకు 80 కిలోమీటర్ల వేగానికి బదులు 100 కిలోమీటర్ల వేగంతో వెళితే ఈ బలం ఒకటిన్నర రెట్లకు మించుతుంది. దీనిని తట్టుకొనేందుకు రోడ్డు బయటి అంచును ఎత్తు చేసి నిర్మిస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాలలో ఈ వాలు 7 శాతానికి మించరాదు. అనగా 7 మీటర్ల వెడల్పు గల రెండు వరుసల రోడ్డుపై బయటి అంచు లోపలి అంచు కంటే గరిష్ఠంగా 49 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. అంతకు మించితే నెమ్మదిగా నడిచే ట్రాక్టర్లు, ఎత్తుగా లోడు వేసిన బండ్లు లోపలి వైపునకు ఒరిగే ప్రమాదమున్నది. అందువలన మిగిలిన భద్రత మలుపు వ్యాసార్ధం నుంచే రావాలి. ఈ ప్రమాణాలను అనుసరించి 80 కిలోమీటర్ల వేగానికి కనీసం 230 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగానికి 360 మీటర్ల వ్యాసార్ధం అవసరం.

మలుపుల ప్రభావం ప్రమాదాలకే పరిమితం కాదు. రెండు వరుసల రహదారిపై 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సురక్షితంగా ఆగేందుకు 120 మీటర్ల దూరం కనిపిస్తే చాలును. అదే వేగంలో ముందున్న వాహనాన్ని దాటాలంటే 470 మీటర్ల మేర రోడ్డు కనిపించాలి. మలుపులు ఎక్కువైన చోట అంత దూరం కనిపించదు. ఒక్క ట్రాక్టరు వెనుక పది వాహనాలు వరుస కడతాయి. వరుస పెరిగినకొద్దీ డ్రైవర్లలో ఓపిక తగ్గుతుంది. కొద్దిపాటి ఖాళీ కనిపించగానే ఎదుటి వరుసలోకి వెళ్లే సాహసం చేస్తారు. ఈ విధంగా ఒక మలుపు వద్ద మందగించిన రాకపోకలు, తరువాతి మలుపు వద్ద ప్రమాదానికి కారణమవుతున్నవి.

ఈ పరిస్థితిని దృష్టిలో ఉంచుకొని పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల మార్గాన్ని నాలుగు వరుసలుగా విస్తరించేందుకు ప్రతిపాదించారు. అయితే ఈ దారి పొడవునా సుమారు తొమ్మిది వందల మర్రి వృక్షాలు ఉన్నవి. వాటిని కాపాడాలని కోరుతూ ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్‌ను ఆశ్రయించారు. 2025 అక్టోబరు చివరలో ట్రైబ్యునల్ స్టే తొలగించడంతో పనులకు మార్గం సుగమమైనది. అధిక భాగం వృక్షాలను ఉన్నచోటనే ఉంచి రోడ్డు గమనాన్ని సవరించాలన్నది ఈ వివాదంలో ముందుకు వచ్చిన పరిష్కారం. కాగా చెట్టును తప్పించేందుకు రోడ్డును పక్కకు జరిపిన ప్రతిచోటా ఒక కొత్త మలుపు ఏర్పడుతుందన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

నాలుగు వరుసలుగా విడదీసిన రహదారిపై ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదం బాగా తగ్గుతుంది. నెమ్మదిగా వెళ్లే వాహనాన్ని దాటేందుకు ఎదుటి వరుసలోకి పోవలసిన అవసరముండదు. అదే సమయంలో వేగం పెరుగుతుంది. 2018లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ జారీ చేసిన నోటిఫికేషన్ కార్లకు సాధారణ రోడ్లపై 70 కిలోమీటర్లు, విభాజకం గల నాలుగు వరుసల రహదారులపై 100 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని నిర్ణయించినది.

ఈ తేడా వృక్షాలపై నేరుగా ప్రభావం చూపుతుంది. 360 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరుకు ఆగేందుకు కావలసిన దూరం కనిపించాలంటే, లోపలి వరుస మధ్యభాగం నుంచి 5 మీటర్ల వరకు చూపునకు అడ్డు ఉండరాదు. వేగం 100 కిలోమీటర్లయితే కావలసిన చూపు దూరం 180 మీటర్లకు పెరిగి, అడ్డు లేని స్థలం 11 మీటర్లకు పైగా అవసరమవుతుంది. అనగా ఒకే మలుపులో ఒకే మర్రి చెట్టు 80 కిలోమీటర్ల వేగంలో నీడనిచ్చే వృక్షంగాను, 100 కిలోమీటర్ల వేగంలో చూపునకు అడ్డంకిగాను మారగలదు. వృక్షాలు నిలవాలా, తొలగాలా అన్న ప్రశ్నకు సమాధానం రోడ్డు వెడల్పులోనే కాక, ఆ రోడ్డుకు నిర్ణయించే వేగంలో కూడా ఉన్నది.

కావున వృక్షాలు దట్టంగా ఉన్న భాగాలకు తక్కువ వేగ పరిమితిని ముందుగానే నిర్ణయించి, మలుపులను అందుకు అనుగుణంగా రూపొందించడం సమంజసం. తిన్నని రోడ్డు తరువాత అకస్మాత్తుగా మూలమలుపు రాకుండా, వంపు క్రమేణా పెరిగే ట్రాన్సిషన్ కర్వ్‌లు తప్పనిసరి. చెట్లున్న చోట్ల క్రాష్ బారియర్లు, మలుపు దిశను తెలిపే చెవ్రాన్ బోర్డులు, రాత్రివేళ మెరిసే రిఫ్లెక్టర్లు ఏర్పాటు చేయాలి. కూరగాయల విక్రయానికి, బస్సులు ఆగేందుకు మలుపులకు దూరంగా ప్రత్యేక స్థలాలు కేటాయించాలి.

విస్తరణ పూర్తయ్యేవరకు వాహనాలు పాత రెండు వరుసల దారిలోనే ప్రయాణించవలసి ఉంటుంది. పనుల కారణంగా ఏర్పడే తాత్కాలిక మళ్లింపులు కూడా మలుపులే. గుంతల పూడ్చివేత, షోల్డర్ల మరమ్మతు, హెచ్చరిక బోర్డులు, మలుపుల వద్ద ఓవర్‌టేక్ నిషేధాన్ని తెలిపే గీతలు తక్కువ వ్యయంతో, తక్కువ సమయంలో పూర్తి చేయదగిన పనులు. ప్రతిరోజూ ఈ దారిలో పట్నం వెళ్లి వచ్చే రైతులు, విద్యార్థులు, ఉద్యోగుల ప్రాణరక్షణ దృష్ట్యా వీటిని విస్తరణ పనులతో ముడిపెట్టక ముందుగానే చేపట్టవలసియున్నది.