తగరాన్ని ఉన్నదున్నట్టు గీస్తే కనబడదు

భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లే రోడ్డులో సుక్మా దాటాక తోంగ్‌పాల్ వస్తుంది. బస్తర్ అడవుల మధ్య రోడ్డు పక్కన ఉండే చిన్న ఊరు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు మాత్రం ఈ పేరు బాగా తెలుసు. దేశంలో తగరం ఖనిజం తీస్తున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. ఆ ఖనిజం దొరికే పట్టీలో తోంగ్‌పాల్ చుట్టుపక్కల ప్రాంతం కూడా ఉంది. చాలాచోట్ల ఆదివాసీలే వాగుల్లోని మట్టిని కడిగి తగరం వేరు చేస్తారు.

తగరం మీద ఒక కథనం కోసం ఆ దారిన వెళ్లినప్పుడు మొదటిసారి ఆ ఖనిజాన్ని చేతిలోకి తీసుకున్నాను. చూడటానికి ఏమీ లేదు. ముదురు గోధుమరంగు, నలుపు కలిసిన ఇసుక. మాగ్నటైట్, ఇల్మనైట్ లాంటి మామూలు ఖనిజాలు కూడా అలాగే నల్లగా ఉంటాయి. కంటితో తేడా పట్టడం కష్టం. పట్టేది నీళ్లు. మామూలు ఇసుక నీటికంటే 2.65 రెట్లు బరువు, తగరపు ఖనిజం కాసిటరైట్ దాదాపు 7 రెట్లు. నీటి తేలుడు బలాన్ని తీసేస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఒకే పరిమాణంలో ఉన్న రెండు రేణువుల్లో తగరపు రేణువు ఇసుక రేణువుకంటే మూడున్నర రెట్లు పైగా బరువు తూగుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి తిప్పితే ఇసుక కొట్టుకుపోతుంది, తగరం అడుగున ఉండిపోతుంది.

ఆ సాయంత్రం సిగ్నల్ దొరికాక ఫోన్ తెరిస్తే, ఎమ్మెస్సీ నాటి మిత్రులు ‘సివిలైజేషన్’ ఆట బొమ్మల మీద ఇంకా కొట్టుకుంటున్నారు. ఐదో ఆటలాగా వాస్తవికంగా ఉండాలని ఒకరు, ఆరో ఆట కార్టూన్‌లా ఉన్నా అదే బాగుందని ఇంకొకరు, ఏడోది అందంగానే ఉంది గానీ ఏది ఏమిటో తెలియడం లేదని మరొకరు. ఉదయం చూసిన నల్ల ఇసుక ఇంకా కళ్లముందే ఉండటం వల్లనేమో, వీళ్లు తప్పు ప్రశ్న మీద తగవు పడుతున్నారని అనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తోంది.

ఈ ఆటలు ఆడనివాళ్లకు రెండు ముక్కలు. ‘సివిలైజేషన్’ 1991లో మొదలైన వ్యూహాత్మక ఆటల వరుస. ఒక జాతిని తీసుకుని రాతియుగం నుంచి అంతరిక్ష యుగం దాకా నడపాలి. పటం మీద ఊళ్లు కట్టాలి, గనులు తవ్వాలి, సైన్యాలు కదపాలి. మొదటి ఆటలో పైనుంచి చూసే చదరపు గళ్లు. 1996 నాటి రెండో ఆటలో పటం ఏటవాలుగా ఒరిగింది. 2005లో నాలుగోది పూర్తిగా త్రిమితీయమైంది. 2010లో ఐదో ఆట షడ్భుజాల గళ్లతో, నూనెరంగుల ప్రకృతి చిత్రంలాంటి రంగులతో వచ్చింది. 2016లో ఆరోది ముదురు రంగులు, పెద్దవి చేసిన బొమ్మలతో రాగానే ఇదేదో ఫోన్‌లో ఆడుకునే పిల్లల ఆటలా ఉందని అభిమానులు మండిపడ్డారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడోది మళ్లీ వాస్తవికత వైపు మళ్లింది, మ్యూజియంలో అద్దం వెనక పెట్టే చిన్న నమూనాల్లాగా. ఈసారి తిట్లు ఎక్కువగా పడింది తెరమీది సమాచారం తీరు మీద. దాన్ని మెరుగుపరుస్తామని తయారీదారులు కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది.

మొదటి ఆట రోజుల్లో ఈ గొడవకు అవకాశమే లేదు. అప్పటి తెర 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు. మొత్తం 64 వేల చుక్కలు. పటంలో ఒక గడికి దక్కేది అటు 16, ఇటు 16. అంతలో అడవిని అడవిలా గీయడం ఎవరి తరం? చెట్టు గుర్తు వేసి వదిలేయాల్సిందే. ఇప్పుడు 4కె తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలు ఉన్నాయి. ఆకు ఆకూ గీయవచ్చు. పేదరికం వల్ల అప్పట్లో తప్పనిసరిగా దక్కిన స్పష్టతను ఇప్పుడు కావాలని ఎంచుకోవాల్సి వస్తోంది. గొడవ మొదలైంది అక్కడే.

చుక్కలు ఎన్ని పెరిగినా కన్ను మాత్రం మారలేదు. మనకు సూక్ష్మ వివరాలు కనబడేది చూపు మధ్యలోని సుమారు రెండు డిగ్రీల మేర మాత్రమే. 60 సెంటీమీటర్ల దూరంలోని తెర మీద అది రెండు సెంటీమీటర్ల వెడల్పు, అంటే దాదాపు బొటనవేలి గోరంత. మిగతా తెరంతా మసకగానే అందుతుంది. ఆ మసకలో వస్తువులు దగ్గర దగ్గరగా ఉంటే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. హెర్మన్ బౌమా అనే శాస్త్రవేత్త 1970లో దీనికొక లెక్క చెప్పారు. చూపు కేంద్రం నుంచి ఒక అక్షరం ఎంత దూరంలో ఉందో, అందులో సుమారు సగం దూరంలోపు ఇంకో అక్షరం వస్తే రెంటినీ విడదీసి పోల్చడం కష్టమవుతుంది. అక్షరాలకు చెప్పినా ఇళ్లకూ గుర్రాలకూ ఇదే వర్తిస్తుంది. నగరాన్ని నిజం నగరంలా ఇళ్లు కిక్కిరిసినట్టు గీస్తే చూపు మళ్లించి వెతికితే గానీ గుడి ఏదో, గిడ్డంగి ఏదో తెలియదు.

ఇంకో ప్రయోగం 1980 నాటిది. యాన్ ట్రీస్‌మన్, గ్యారీ జెలాడ్ చేసింది. ఆకుపచ్చ గుర్తుల మధ్య ఒక్క ఎర్ర గుర్తు ఉంటే, గుర్తులు పది ఉన్నా ముప్పై ఉన్నా మనకు దాదాపు ఒకే సమయంలో దొరుకుతుంది. రంగు, ఆకారం రెండూ కలిపి వెతకాల్సి వస్తే మాత్రం గుర్తులు పెరిగేకొద్దీ సమయం పెరుగుతుంది. ఆరో ‘సివిలైజేషన్’లో జరిగింది ఈ సూత్రానికి దగ్గరగానే ఉంది. విద్యా ప్రాంగణానికి నీలం కప్పులు, వాణిజ్య కేంద్రానికి పసుపు. ఒక్కో భవనానికి దూరం నుంచే పోల్చుకోగల ఆకారం. ఊరు ఒక గడిలో ఇమిడిపోకుండా చుట్టూ గళ్లలోకి పరుచుకోవడం మొదలైంది ఈ ఆటలోనే కాబట్టి, ఏ గడిలో ఏముందో ఒక్క చూపులో తెలియాలి. ఆ ‘కార్టూన్’ తీరు పిల్లల కోసం పెట్టింది కాదు. అలాగని రంగు ఒక్కదాన్నే నమ్ముకోవడమూ తప్పే. యూరప్ సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు.

మన ఊళ్లలో గుడి అరుగుల మీద చెక్కి ఉండే పులిజూదాన్ని చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి ఒక గులకరాయి, మేకకు ఒక చింతగింజ. రెండూ వేరువేరుగా కనబడితే చాలు. పులికి చారలు లేవని ఎవరూ అలిగినట్టు నేను వినలేదు.

వాస్తవికత కావాలనే అభిమానులు కూడా ఆటలో కూర్చున్నప్పుడు వేరే మనుషులైపోతారు. దీనికి నాకు బాగా నచ్చే సాక్ష్యం ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’. 1999 నాటి ఈ ఆటకు 2019లో కొత్త ముస్తాబు వచ్చింది. బొమ్మలు మరింత నాజూకుగా, చెట్లు మరింత నిండుగా తయారయ్యాయి. ఆటగాళ్లలో బాగా ఆదరణ పొందిన మార్పుల్లో ఒకటి ‘చిన్న చెట్లు’. పొడవాటి చెట్లన్నీ పొట్టి మొక్కలైపోతాయి. అడవి వరుసలో ఎక్కడ సందు ఉందో, శత్రువు ఎక్కడినుంచి దూరుతాడో అప్పుడు తెలుస్తుంది. నేల మీద గళ్ల గీతలు వేసుకునేవాళ్లూ చాలామందే. అందమైన పటాన్ని ఇంజినీరు కాగితంలా మార్చుకుని ఆడతారు. నాలుగో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ 2021లో ముందే స్పష్టమైన ఆకారాలతో, విడివిడి రంగులతో వస్తే, అదీ కార్టూన్‌లా ఉందన్నారు!

అలాగని అభిమానులది ఉత్త మొండితనమని కొట్టిపారేయలేను. ఎక్కువసార్లు చూసినదే మనకు ఎక్కువ నచ్చుతుందని రాబర్ట్ జయాంక్ 1968లోనే ప్రయోగాలతో చూపించారు. వందల గంటలు ఒకే పటాన్ని చూసిన కన్ను దాని గుర్తుల్ని ఒక భాషలా నేర్చుకుంటుంది. బొమ్మలు మారితే ఆ భాష మళ్లీ నేర్చుకోవాలి. అది నిజమైన నష్టమే. ఇంకొకటి భౌతికశాస్త్రానికి సంబంధించింది. పాత ఆటల బొమ్మలు గీసింది గాజుగొట్టం తెరల కోసం. ఆ తెర మీద ప్రతి చుక్క వెలుగూ కాస్త పక్కకు పరుచుకుని పొరుగు చుక్కతో కలిసేది. అవే బొమ్మల్ని ఇప్పటి ఎల్‌సీడీ మీద పెడితే అంచులు మెట్లుమెట్లుగా కనబడతాయి. చిన్నప్పుడు ఇంతకంటే అందంగా ఉండేదని ఎవరైనా అంటే నవ్వకండి. ఆ కాలంలో వాళ్ల కంటికి చేరిన బొమ్మ వేరు.

ఆరో ఆట మీద గొడవకు మరో చక్కని కొసరు ఉంది. ఆ ఆట కళా దర్శకుడు బ్రయాన్ బుసాటి స్వయంగా 2018లో ఐదో ఆట రంగుల్ని ఆరో ఆటకు తొడిగే ఒక మార్పును విడుదల చేశారు. ఆకారాలు, నియమాలు అవే. నేల, చెట్లు, కొండల రంగుల్ని కాస్త వెలవెలబోయేలా చేశారు, అంతే. చాలామందికి అది చాలు అనిపించింది. అంటే అన్నేళ్ల కోపంలో కొంత భాగం కేవలం రంగుల గాఢత మీదే.

నా వాదన ఇది. వ్యూహాత్మక ఆటలో తెరమీద ఉన్నది ప్రకృతి చిత్రం కాదు, పటం. పటాన్ని వాస్తవికంగా ఉందా అని అడగం. తోంగ్‌పాల్‌కు సర్వే ఆఫ్ ఇండియా పటంలో కొండల ఎత్తు గీతలు గోధుమరంగులో, వాగులు నీలంలో, అడవి ఆకుపచ్చలో ఉంటాయి. భూగర్భ పటంలో అదే నేల అడవి లేకుండా, రాళ్ల రకాన్ని బట్టి వేరే రంగులు పూసుకుంటుంది. రెండూ అబద్ధాలు కావు. నేను చేతిలోకి తీసుకున్న తగరాన్ని ఏ ఆటలోనైనా ఉన్నదున్నట్టు గీస్తే మిగతా ఇసుకలో కలిసిపోతుంది. అతిగా గీయక తప్పదు. అడగాల్సింది ఏది అతిగా గీశారు, ఏది చెరిపేశారు అని.

ఈ రెండో ప్రశ్నను అభిమానులు చాలా తక్కువగా అడుగుతారు. మొదటి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’లో కంచుయుగంలోకి అడుగుపెట్టడానికి 800 ఆహారం చెల్లించాలి. ఇళ్ల రూపం మారిపోతుంది, కత్తులు మెరుస్తాయి. కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహం. ఆటలో రాగీ లేదు, తగరమూ లేదు. నిజం చరిత్రలో తగరం దొరికేచోట్లు బహు తక్కువ, దానికోసం దూరదేశాల వర్తకం నడిచింది. ఇంతకంటే మంచి వ్యూహాత్మక చిక్కు ఏ ఆటకు దొరుకుతుంది? ఆ విషయంలో ఆరో ‘సివిలైజేషన్’ కొంత మేలు. అందులో ఇనుము పటంలో ముందే ఉన్నా, కంచు పని నేర్చుకున్నాకే ఆటగాడికి కనబడుతుంది. కనబడటం అన్నది చూసేవాడికి తెలిసిన విద్యను బట్టి ఉంటుందన్న మాట. వాగులో ఖనిజం కడిగే మనిషికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అదే ఆరో ఆటలో ‘గిరిజన గ్రామం’ అనే చిన్న గుడిసెల గుంపు ఉంటుంది. ఆటగాడి మనిషి అందులో అడుగుపెట్టగానే బంగారమో, ఒక విద్యో ఇచ్చి మాయమైపోతుంది. ముద్దుగా గీసిన బొమ్మ, కన్ను వెంటనే పట్టేస్తుంది. స్పష్టత పరీక్షలో నూటికి నూరు. ఐదో ఆటలో ఆ పాత్ర పురాతన శిథిలాలది. హైదరాబాద్‌లో కూర్చుని ఆడినన్నాళ్లూ నాకు ఆ గ్రామం ఒక బహుమతి డబ్బాలాగే కనబడింది. ధుర్వా ఆదివాసీల ఊళ్ల మధ్య నుంచి వచ్చాక అలా కనబడటం మానేసింది. వాళ్ల పర్జి భాష మన తెలుగుకు దూరపు చుట్టం. ఖనిజాన్ని వెతికి పట్టుకునే విద్య వాళ్ల చేతుల్లో ఉంది, ఇచ్చేసి మాయం కావడానికి వాళ్లేమీ డబ్బా కాదు. 2018లో ఇదే ఆటలో క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ను చేర్చినప్పుడు, కెనడాలో ఆయన పేరిట ఉన్న సమాజం నుంచి మిల్టన్ టూటూసిస్ అభ్యంతరం చెప్పారు. ఇతరుల నేలను గెలుచుకోవడమే లక్ష్యమన్న వలసపాలకుల విలువల్ని తమ జాతికీ అంటగడుతున్నారన్నది ఆయన బాధ. బొమ్మ ఎంత జాగ్రత్తగా గీసినా ఆ బాధ తీరేది కాదు. ఏడో ఆటలో ‘అనాగరికుల’ స్థానంలో స్వతంత్ర సమూహాలు వచ్చాయి. వాళ్లతో స్నేహం చేయవచ్చు, యుద్ధమూ చేయవచ్చు. నా దృష్టిలో ఈ వరుసలో జరిగిన పెద్ద దృశ్య మార్పు ఇదే. దాని మీద తగవు పడినవాళ్లు నా మిత్రుల్లో ఒక్కరూ లేరు.

ఇంటికొచ్చాక నేనూ ఒక ప్రయోగం చేశాను. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’లో నా చిన్న చెట్లను తీసేసి, అసలు చెట్లతో ఒక ఆట ఆడాను. బస్తర్ సాలవృక్షాల కింద నడిచి వచ్చిన మీదట ఆ పొట్టి మొక్కల్ని అడవి అనుకోవడానికి మనసొప్పలేదు. అడవి నిజంగానే బాగుంది. వరుసలో ఒకచోట సందు ఉన్న సంగతి నాకు కనబడలేదు, అవతలివాడి గుర్రాలు అందులోంచే వచ్చాయి. ఇరవై నిమిషాల్లో ఓడిపోయాను. మర్నాడు చిన్న చెట్లు మళ్లీ పెట్టుకున్నాను.