ఎర్రనీరు, తేటనీరు

కపిలేశ్వరపురం రేవులో మెట్లు దిగి నీళ్లలో నిలబడితే మన పాదాలు మనకు కనిపించే రోజులు కొన్ని, కనిపించని రోజులు కొన్ని. సంక్రాంతి వెళ్లేసరికి గౌతమి తేటపడి ఉంటుంది. మడమల చుట్టూ తిరిగే చేపపిల్లల్ని కూడా లెక్కపెట్టవచ్చు. ఆషాఢంలో ఎగువన వానలు పడగానే ఎర్రనీరు దిగుతుంది. ఇక మోకాలి కింద ఏముందో గోదారికే తెలియాలి.

ఈ కబురు చెప్పడానికి ఒకప్పుడు ప్రత్యేకంగా మనుషులు అక్కర్లేదు. బిందె ముంచిన ప్రతి చేతికీ తెలిసేది. ఎర్రనీరు తెచ్చి, కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి, రాత్రంతా కదపకుండా వదిలేసేవారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగేది. పైతేట మెల్లగా వేరే బిందెలోకి వంచుకునేవారు. పటిక వేసిన నీళ్లకు ఆ రుచి రాదని చెప్పే పెద్దవాళ్లు కోనసీమలో ఇప్పటికీ ఉన్నారు. కాలువలు కట్టేసిన వేసవిలో చెరువు నీళ్లు పసరెక్కాయా, బావి నీళ్లు ఉప్పదేరాయా అన్నది మొదటి గుక్కలోనే తేలిపోయేది.

తర్వాత కుళాయిలు వచ్చాయి. మంచిదే. ఆ కావిడి బరువు మళ్లీ ఎవరి భుజం మీదా పడకూడదు. అయితే బిందెతో పాటు, నీళ్లతో పొద్దున్నే ఉండే ఆ పరిచయం కూడా ఇంటి దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు గోదారి చాలామందికి పుష్కరాలకో, కార్తీకమాసానికో గుర్తొస్తుంది.

ఆ పరిచయాన్ని కొందరు ఇంకోలా అందుకున్నారు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్షలు నేర్పించాలని పెట్టుకున్నారు. దాన్ని పూర్తి ఉద్యోగం అనలేం, ఊరికే చేసే పని అని కూడా అనలేం. వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, కిట్టు పెట్టె చేతపట్టుకుని బోరు దగ్గరికో కుళాయి దగ్గరికో బయల్దేరే పని. ఏటి అవతల లంకల్లో అయితే పడవ కోసం గట్టు మీద కాచుకుని కూర్చోవడం కూడా అందులో భాగమే.

చూడటానికి చిన్న పనే, కానీ ఎంత మర్యాదగా చేయాలో. పెద్ద ప్రయోగశాలకు పంపే సీసానైతే అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలవాలి. ఏట్లో అయితే పై తెట్టు రాకుండా సీసాను లోపలికి ముంచి, మూతి ప్రవాహానికి ఎదురుగా పట్టాలి. క్రిముల పరీక్షకిచ్చిన సీసాను మాత్రం తొలవకూడదు, దాని అంచుకు వేలు కూడా తగలనివ్వకూడదు. ఆ తర్వాత చోటు, తేదీ, వేళ రాయాలి. వేళ ఎందుకంటే, తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గి ఉంటుంది. రాత్రంతా చేపలూ నాచూ దాన్ని వాడుకోవడమే తప్ప, ఎండ లేక కొత్తగా పుట్టదు. ఆ వేళకు చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గట్టు మీదున్న రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో ఈ ప్రాంతంలో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం వెళ్లి చూస్తే అదే చెరువు ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

నీళ్ల తేటదనం కొలవడానికి 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ మతగురువు మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్లేన్ని తాడు కట్టి దించాడు. అది కంటికి మరుగైన చోట తాడు ఎంత పొడవుందో చూసుకున్నాడు. అమెరికాలోని మినెసోటాలో సరస్సుల ఒడ్డున ఉండే మామూలు మనుషులు 1973 నుంచి అలాంటి పళ్లేన్నే దించి, ఆ లోతు రాసి పంపుతున్నారు. రేవులో నిలబడి పాదాల కోసం వంగి చూసిన మన అమ్మమ్మలు ఆ కొలతను కాగితం మీద పెట్టలేదు, అంతే తేడా.

ఈ పనిలో ఎక్కువ రోజులు ఏమీ జరగదు. పోయిన నెల ఉన్న అంకెలే ఈ నెలా వస్తాయి. మార్పు లేదని రాయడానికి కూడా మనిషి అక్కడిదాకా నడవాలి. అలా వరసగా రాసుకుంటూ పోయిన పుస్తకంలోనే, ఏదో ఒక వేసవిలో ఉప్పు కాస్త ఎక్కువైన సంగతి కనిపిస్తుంది. ఒక్కసారి వచ్చి వెళ్లే నిపుణుడికి ఆ తేడా పట్టడం కష్టం. మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లే మనిషికి అంకె చూడకముందే అనుమానం వస్తుంది. మొన్నటిదాకా ఈ గట్టున లేని గుర్రపుడెక్క ఇప్పుడెందుకుందని ఆమే ముందు అడుగుతుంది.

కిట్టులో ఉండే ఒక బుల్లి సీసా గురించి చెప్పాలి. అందులో నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచుతారు. మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మాంజా, ఆయన సహచరులు 1982లో ఈ పద్ధతిని లోకం ముందు పెట్టారు. పెద్ద పరికరాలూ కరెంటూ లేని పల్లెలో కూడా ఎవరైనా కళ్లతో చూసి చెప్పగలిగేలా ఆలోచించినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

సీసా పట్టుకుని వచ్చిన అమ్మాయిని అరుగు మీది మామ్మగారు పలకరించకుండా వదలరు. "ఏవే అమ్మాయ్, మా నీళ్లు మంచివేనా?" అంటారు. "ఇప్పుడే చెప్పలేను మామ్మగారూ, రెండ్రోజులు ఆగాలి. అందాకా కాచుకుని తాగండి." "అయితే ఎల్లుండి వచ్చి చెప్పి వెళ్లు. భోజనం ఇక్కడే చేద్దువుగాని."