ఎచ్చెర్ల తీర్చాల్సిన బాకీ

1969, 70 సంవత్సరాల్లో శ్రీకాకుళం జిల్లాలో పోలీసులు గాలించిన మనుషుల పేర్లు వరసగా చదివితే ఏదో హైస్కూలు స్టాఫ్‌రూములోకి తొంగిచూసినట్టుంటుంది. వెంపటాపు సత్యనారాయణ (సత్యం) బడిపంతులు. ఆదిభట్ల కైలాసమూ పంతులే. చాగంటి భాస్కరరావు డాక్టరు. నాగభూషణ్ పట్నాయక్ గుణుపూర్ ప్లీడరు. సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు గుళ్లో పూజారి, కవి. వీళ్లలో ఎవరూ పొట్ట గడవక అడవి పట్టినవాళ్లు కారు. నాలుగక్షరాలు చదువుకుని, ఆ చదువుతోనే కొండ ఎక్కినవాళ్లు.

అది మంచికా చెడుకా అన్న వాదన యాభై ఏళ్లకు పైగా నడుస్తూనే ఉంది, ఇక ముందూ నడుస్తుంది. ఇక్కడ అడగాల్సింది వేరే ఉంది. పంతుళ్లూ పట్టభద్రులూ ప్రాణాలు పెట్టిన ఆ నాలుగేళ్ల శ్రీకాకుళం పోరాటం కథను ఎచ్చెర్లలోని ఈ జిల్లా విశ్వవిద్యాలయం తన పనిగా ఎప్పుడు తలకెత్తుకుంటుంది?

పలాస నుంచి సముద్రం వైపు కాస్త దూరం పోతే కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య బొడ్డపాడు వస్తుంది. పాణిగ్రాహి జముకుల కథ కట్టి పాడింది ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే. జముకు చూడనివాళ్ల కోసం రెండు మాటలు: ఒక వైపు తోలు బిగించిన బోలు వాయిద్యం, ఆ తోలు మధ్య నుంచి వచ్చే తీగ. వాయిద్యాన్ని చంకన ఇరికించి, తీగను బిగలాగి మీటుతుంటే వదులుకూ బిగువుకూ స్వరం మారుతూ మూలుగుతున్నట్టు, నవ్వుతున్నట్టు పలుకుతుంది. ఉత్తరాంధ్రలో అమ్మవారి కథలు చెప్పేది దానితోనే. ఒడియా కుటుంబంలో పుట్టిన ఆ పూజారి తెలుగులో కథ కట్టి, ఎల్లమ్మ కథ వినడానికి అలవాటుపడ్డ చెవుల్లో పాలేరు కథ, భూమి కథ పోశాడు. కరపత్రం చదవలేని కూలీకి ఆ జముకే పత్రిక, బడీ. జిల్లాలో ఆనాటికి అంతకు మించిన వయోజన విద్య ఇంకేదైనా జరిగిందా అంటే అనుమానమే.

నిప్పు రాజుకున్నది మాత్రం ఈ తీరపు తోటల సీమ ఉద్దానంలో కాదు, పార్వతీపురం ఏజెన్సీలో. గిరిజన సంఘం సభకు వెళ్తున్నవాళ్ల మీద 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది ఆ కేసులో నిందితులను కోర్టు వదిలిపెట్టింది. కోర్టు మీద నమ్మకం ఆ రోజుతో పోయిందని అప్పటివాళ్లు రాసుకున్నారు. 1968 నవంబర్‌లో పెదగొట్టిలి, గరుడభద్రల్లో భూస్వాములతో జరిగిన ఘర్షణలతో పోరు ముదిరి, కొండ నుంచి ఉద్దానం దాకా పాకింది. ఆ తర్వాత జరిగింది ఎవరికి వాళ్లు తమకు కావలసినంత చెప్పుకుంటూ వచ్చారు. బొడ్డపాడు యువకుడు పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న జలంతరకోట దగ్గర, ఆయన భార్య నిర్మల, పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబర్‌లో రంగమటియా కొండల్లో, సత్యం, కైలాసం 1970 జూలై 10న పోలీసుల చేతిలో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, పట్టుకుని కాల్చారని సానుభూతిపరులన్నారు. మరోవైపు ఉద్యమకారుల చేతిలో భూస్వాములు, వడ్డీ వ్యాపారులు హతమయ్యారు. వాళ్ల ఇళ్లలోనూ భార్యాపిల్లలున్నారు. ఈ రెండిటి మధ్యా నలిగిన సవర, జాతాపు గూడేలున్నాయి.

ఇంత జరుగుతున్నప్పుడు జిల్లాలో విశ్వవిద్యాలయం లేదు. పై చదువంటే వాల్తేరు పోవాల్సిందే.

వాల్తేరు కొండ మీది ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మాత్రం యుద్ధం, వలస రెండూ తెలుసు. 1926లో బెజవాడలో పుట్టి, ఎక్కడ ఉండాలన్న తగాదాల తర్వాత 1930లో విశాఖ చేరింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. పదహారేళ్ల ఆ విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు తరలిపోయింది. శ్రీకాకుళం పోరాటం నాటికి దానికి నలభై దాటాయి. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ జరుగుతుంటే, రచయితలు ఎటువైపో తేల్చుకోవాలని నిలదీస్తూ విశాఖ విద్యార్థుల పేరుతో కరపత్రం వచ్చింది. ఆ ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. అంటే పలాస, పార్వతీపురాల్లో పేలిన తుపాకీ చప్పుడు తెలుగు సాహిత్యాన్ని రెండుగా చీల్చిందన్నమాట. ఆ చీలిక మీద ఎంఫిల్లులు, పీహెచ్‌డీలు ఎన్నో వచ్చాయి. సాహిత్య శాఖలకు ఉద్యమం కన్నా ఉద్యమ కవిత్వం సులువు. అందులో కేసులుండవు, సాక్షులుండరు.

ఉస్మానియా కథ ఇంకా ఘాటైనది. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను బయటికి గెంటినప్పుడు దానికి ఇరవయ్యేళ్లు. గెంటివేతకు గురైనవాళ్లలో పి.వి. నరసింహారావు లాంటివారికి నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తీసింది. దేవులపల్లి వెంకటేశ్వరరావు జబల్‌పూర్ వెళ్లి డిగ్రీ పూర్తిచేసుకున్నారు. ఒకరు దేశానికి ప్రధాని, మరొకరు తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు. శ్రీకాకుళంలో అనుసరించిన పద్ధతి సరికాదని కమ్యూనిస్టు విప్లవకారుల్లోనే గట్టిగా వాదించిన బృందంలో ఆ దేవులపల్లి ఒకరు కావడం విశేషం. 1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసినప్పుడు అదే ఉస్మానియా ఇంకో రకం ప్రవాసినీ చూసింది. అంతర్జాతీయ న్యాయశాస్త్ర పండితుడు మహమ్మద్ హమీదుల్లా నిజాం ప్రతినిధి బృందంతో ఐక్యరాజ్యసమితికి వెళ్లి ఇక తిరిగి రాలేదు. పారిస్‌లో దశాబ్దాలు గడిపి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఒకే విశ్వవిద్యాలయం, పదేళ్ల తేడా, ఒకరికొకరు సరిపడని రెండు రకాల కాందిశీకులు. ఆ రెండు కథల్నీ ఒకే పాఠంలో చెప్పే తరగతి గది దొరకడం మాత్రం కష్టం.

పండితుల ప్రవాసం కథ వినడానికి టెక్కలి వాళ్లకు ఇంత దూరం పోనక్కర్లేదు. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే రైలెక్కితే దారిలోనే పర్లాకిమిడి. సవరల మాట నేర్చి, వాళ్లకు బడులు పెట్టించి, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. అప్పటికి డెబ్బై దాటిన మనిషి. తుపాకీ పేలకపోయినా అదీ ఒక పండితుడి ప్రవాసమే. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలన్న గిడుగు పంతులు ఒక తరం ముందు, సవర గూడేల్లో సంఘం కట్టిన సత్యం మాస్టారు ఒక తరం తర్వాత. వీళ్లిద్దరినీ కలిపి ఎవరైనా ఆలోచిస్తే ఈ కొండల చరిత్ర కొంచెం వేరుగా కనబడుతుంది.

ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ కేంద్రం 1977లో వచ్చింది. 2008లో అదే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం అయింది. ఇరవయ్యేళ్లు నిండని సంస్థ. కళ్లు తెరిచిన రెండేళ్లకే, 2010 జూలై 14న, థర్మల్ కేంద్రం వద్దన్న సోంపేట జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పక్కనే కాకరాపల్లిలో అదే జరిగింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. బీల, తంపర చిత్తడి నేలలు, ఉప్పు గల్లీలు, చేపల వేట గురించి ఆ మత్స్యకారులు, రైతులు అప్పుడు చెప్పినవి చక్కని భూగోళ పాఠాలు. వాటిని రాసిపెట్టుకోవడానికి తుపాకీ ఎవరి చేతిలో ఉందో అడగాల్సిన పని లేదు.

నిజంగా తుపాకుల మధ్య ఈ పని చేసినవాళ్లున్నారు. శ్రీలంకలో 1974లో మొదలైన జాఫ్నా విశ్వవిద్యాలయం వాళ్లది. 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబడి 95 వేలకు పైగా పుస్తకాలు బూడిదయ్యాయి. 1987లో భారత శాంతి సేన దిగింది. ఆ నేపథ్యంలో నలుగురు అధ్యాపకులు కూర్చుని తమ ఊరిలో ఎవరెవరు ఎవరిని చంపారో రాయడం మొదలుపెట్టారు. వాళ్లలో ఇద్దరు గణితం చెప్పేవాళ్లు, ఒకరు మానసిక వైద్యుడు. నాలుగో వ్యక్తి శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే డాక్టర్ రజనీ తిరణగమ. శ్రీలంక ప్రభుత్వ సైన్యాన్నీ, మన శాంతి సేననూ, తమ సొంత జనం పేరుతో పోరాడుతున్న ఎల్‌టీటీఈ పులులనూ ఒకే కొలబద్దతో కొలిచారు. 1989 సెప్టెంబర్ 21న సైకిల్ మీద ఇంటికి వస్తున్న రజనిని కాల్చి చంపారు. అప్పటికామెకు 35 ఏళ్లు. చంపింది ఎల్‌టీటీఈయే అని ఆమె సహచరులు తేల్చి చెప్పారు. తర్వాత వాళ్లూ జాఫ్నా వదిలి అజ్ఞాతంలోకి పోవాల్సి వచ్చింది. అయినా నివేదికలు ఆగలేదు.

వాళ్ల నివేదికల్లో సిద్ధాంత చర్చ కన్నా తేదీలు, వీధుల పేర్లు, చనిపోయినవాళ్ల వయసులు ఎక్కువ. ఆ పద్ధతి ఎచ్చెర్ల నేర్చుకోదగ్గది. జాఫ్నాలో ప్రాణం పణంగా పెట్టి చేసిన పనిని ఇక్కడ బస్సెక్కి వెళ్లి చేసి రావచ్చు. మరి శ్రీకాకుళం పోరాటం ఇప్పుడెక్కడుంది? పార్టీల సావనీర్లలో ఉంది, పోలీసు ఫైళ్లలో ఉంది, వందమందికి పైగా నిందితులతో, నక్సల్బరీ నేత కాను సన్యాల్‌ను కూడా లాక్కొచ్చిన పార్వతీపురం కుట్ర కేసు కాగితాల్లో ఉంది, కొందరి ఆత్మకథల్లో ఉంది. ఒకరి కాగితం మరొకరు నమ్మరు. పైగా ఆనాటి ఒక్క జిల్లా 1979లోనూ 2022లోనూ ముక్కలై, ఏజెన్సీ పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది, ఉద్దానం శ్రీకాకుళంలోనే మిగిలింది. ఒక చోట కూర్చి పెట్టడానికి పార్టీ కాని, పోలీసు కాని, ప్రభుత్వ శాఖ కాని సంస్థ కావాలి. అలాంటిది ఈ ప్రాంతంలో విశ్వవిద్యాలయం తప్ప మరొకటి లేదు.

అడ్డుపుల్లలు ఎలాగూ వస్తాయి. మానిన గాయాలు కెలకడమెందుకంటారు. బొడ్డపాడు అమరుల స్తూపం దగ్గర ఏటా జనం కూడుతున్నారంటే ఆ గాయం ఎంత మానిందో తెలుస్తూనే ఉంది. సర్కారు డబ్బుతో నక్సలైట్లకు భజన చేస్తారా అని ఇంకొకరంటారు. భజన చేస్తే తప్పే. అందుకే హతుడైన షావుకారు కొడుకునీ, అప్పుడు కానిస్టేబులుగా పనిచేసి పింఛను తీసుకుంటున్న మనిషినీ, కొడుకు అడవికి పోయిన తల్లినీ ఒకే తీరున కూర్చోబెట్టి అడగాలి. జాఫ్నా వాళ్ల గౌరవమంతా ఆ పట్టింపులోనే ఉంది. ఎవరి పక్షమూ పట్టలేదని అందరిచేతా తిట్లు తిన్నప్పుడే ఆ దస్తావేజుకు విలువ.

ఆలస్యం చేసే వీలు కూడా లేదు. 1969లో ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఇప్పుడు డెబ్బయ్యైదు దాటాయి. ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే. కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు ఇక్కడ చాలామందిని ముసలితనం దాకా రానివ్వదు. పలాస, సోంపేట, కవిటి డయాలసిస్ మంచాల మీద నాలుగేసి గంటలు పడుకునేవాళ్లలో ఆ రోజులు చూసినవాళ్లు కొందరైనా ఉంటారు. ఇక కాగితాలంటారా, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున కప్పులెగిరిన ఇళ్లలో ఎన్ని ట్రంకు పెట్టెలు నానాయో లెక్క లేదు. కొబ్బరి చెట్టుకైతే నష్టపరిహారం కట్టారు. ఉత్తరానికీ ఫొటోకీ ఎవరు కడతారు?

దీనికి భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అసలే వద్దు. చరిత్ర, సామాజిక శాస్త్రం, తెలుగు చదివే ఎంఏ విద్యార్థులకు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఇస్తే సరిపోతుంది. వాళ్లలో చాలామంది ఈ ఊళ్ల పిల్లలే. వాళ్ల నాయనమ్మలు ఆ రోజుల్లో పోలీసు క్యాంపుకు నీళ్లు మోసినవాళ్లో, చేలోకి అన్నం మూట పట్టుకెళ్లినవాళ్లో అయి ఉంటారు. మాట్లాడినవాళ్లు వద్దన్న పేరు బయటపెట్టకూడదు, ఫలానా ఏడాది దాకా తెరవొద్దంటే తెరవకూడదు. ఆ నిబంధనలు పాలకమండలి ముందుగా కాగితం మీద పెట్టాలి. తెలుగు ఒక్కటే వస్తే చాలదు. మందస, సోంపేట వైపు ఒడియా కావాలి, కురుపాం పైన సవర కావాలి. మొదటి విడతకు రెండు మూడు రికార్డర్లు, సవర ఇంట్లో మాట్లాడే ఇద్దరు విద్యార్థులు, బొడ్డపాడుకూ గరుడభద్రకూ మొండెంఖల్లుకూ బస్సు చార్జీలు ఉంటే, వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.